మా బర్రెకు నచ్చని అప్‌డేట్

ఇప్పటి ఫోన్లకు సిగ్గూ లేదు, మొహమాటమూ లేదు. మనం పడుకున్నాక తమంతట తామే మారిపోయి, పొద్దున చేతిలోకి తీసుకునేసరికి ఏమీ ఎరగనట్టు కొత్త ముఖం పెడతాయి. ఆ రోజుల్లో (మా తాతల నాటి రోజులనుకునేరు, నాకు ఉద్యోగం కొత్తగా వచ్చిన రోజులు, అంతే) అప్‌డేట్ వస్తోందంటే ఇంటికి కొత్త అల్లుడు వస్తున్నంత హడావిడి. వచ్చేది ఎలా ఉంటుందో, ఉన్నవాటిలో ఏది పోతుందో ఎవరికీ తెలియదు. తెలియదు కనుకనే అందరూ ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. మా ఆఫీసు కంప్యూటర్లకు అప్‌డేట్ రాబోతోందని ముందుగా అందరికీ చెప్పడం, వచ్చాక వాళ్ళ చేత చీవాట్లు తినడం, ఇదే నా ఉద్యోగం. నేను చెప్పీ చెప్పకముందే అకౌంట్స్ సార్ "ఇప్పుడున్నది మంచిగనే ఉంది కదమ్మా, దీనికేం రోగం?" అంటూ మానిటర్‌కు అడ్డంగా కూర్చునేవారు. పక్క సీటు మేడమ్‌కు ఒకటే దిగులు, తన స్క్రీన్ మీది వినాయకుడు ఉంటాడా, పోతాడా అని. నాకు మాత్రం పండుగే. ఏ బటన్ ఎక్కడికి జరిగింది, కొత్తగా ఏం మొలిచింది అని చూడకపోతే నాకు అన్నం సహించేది కాదు. (ఉడుకుతున్న కుండ మూత పదే పదే తీసి చూస్తున్నానని చిన్నప్పుడు అమ్మ చేతిలో గరిటె దెబ్బలు తిన్నదాన్ని మరి.) అందుకే ఊరందరికంటే ముందు నా ఫోన్ కొత్తదైపోయేది.

అప్పట్లో మా ఇల్లు ఫలక్‌నుమా స్టేషన్ వెనక గల్లీలో. ముందు గదుల్లో మేము, వెనక కొట్టంలో బర్రెలు. గడ్డి మోపులు, తవుడు బస్తాలు మా గదుల్లోనే ఉండేవి కనుక, ఇల్లు అసలు ఎవరిదో చూసినవాళ్ళు చెప్పలేరు. బాపుది పాల వ్యాపారం, ఆయన బాపుదీ అదే. కొట్టంలో అన్నిటికంటే ఎక్కువ పాలిచ్చేది రాణి. పేరుకు తగ్గట్టే దానికి టెక్కు ఎక్కువ. మా మేనత్త వచ్చి "దా బిడ్డా దా, నా బంగారు రాణి దా" అని బుజ్జగిస్తేనే అది చేపేది (పొదుగులోకి పాలు దించుకోవడాన్ని మావాళ్ళు చేపడం అంటారు). బాపుకు ఇది మనసులో పెద్ద ముల్లు. రాణిని ఏరి కొన్నది ఆయన, మేపింది ఆయన, జ్వరమొస్తే పక్కన గోనెసంచి పరుచుకుని పడుకున్నది ఆయన. "నా గడ్డి తిని దాని మాట ఇంటది, సూడు" అని సణిగేవాడు. దానికి తోడు అత్త పాలు పిండుతున్నంతసేపూ "అన్నా, నువ్వు నోరు తెరిస్తె బర్రె బెదురుతది, అటెనక పోయి క్యాన్లు తోముకో" అని తరిమేది. ఆయన పోయి తోముకునేవాడు.

అత్తకు జల్‌పల్లి సంబంధం కుదిరి పెళ్ళయిపోయింది. మర్నాటి నుంచి రాణి చుక్క పాలు ఇస్తే ఒట్టు. బాపు పక్కన కూర్చుని, చెల్లె మాట గుర్తుపెట్టుకుని నోరు బిగబట్టి, నిమిరాడు, బెల్లం పెట్టాడు, పసుపు రాశాడు. ఊహూఁ. పాలివ్వని బర్రెను పట్నంలో ఎన్నాళ్ళు మేపుతారు? సంతకు తోలుకుపోవడానికి బేరగాడు వచ్చి తన తాడు కూడా గుంజకు తగిలించి వెళ్ళాడు. ఆ రాత్రి బాపు అన్నం ముట్టలేదు. సంతకు పోయిన పాలివ్వని బర్రె ఎక్కడికి పోతుందో మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. పెళ్ళికి ముందు ఒకరోజు పొద్దున, సరదాకి, అత్త రాణిని పిలుస్తుండగా బాపు ఫోన్‌లో రికార్డు చేశాను. అది పెట్టి వినిపిస్తే రాణి చెవులు రిక్కించింది, చేపింది! బేరగాడు తాడు వెనక్కి తీసుకుపోయాడు. ఆనాటి నుంచి రెండు పూటలా గుంజకు ఫోన్ కట్టడం, అత్త గొంతు పెట్టడం, బాపు గప్‌చుప్‌గా పాలు పిండడం.

ఇలా సాగుతుండగా వచ్చిపడింది అప్‌డేట్. పాల వాడికెదారులంతా "రేపు అర లీటరు ఎక్కువ", "మేం ఊరికి పోతున్నం, వద్దు" అని మెసేజీలు పంపే యాప్, ఫోన్‌ను అప్‌డేట్ చేయకపోతే ఇక పనిచేయదని రోజూ హెచ్చరించడం మొదలుపెట్టింది. చేయకపోతే వాడికెలు పోతాయి. చేస్తే అత్త గొంతు ఎక్కడ పోతుందోనని భయం. గల్లీలో పెద్ద లొల్లి అయింది. మా గోడకు ఆనుకుని కుట్టుమిషన్ పెట్టుకున్న టైలర్ భాయ్ "సబ్ ధోకా హై, బేటీ. పాత ఫోన్‌ను స్లో జేసి కొత్తది కొనిపిస్తరు. కుట్టు మంచిగున్న అంగీని విప్పి మల్ల కుడ్తరా ఎవరన్న?" అన్నాడు. అమ్మ "నీ కండ్లు ఊకె ఉండవు, నీ చేతులు ఊకె ఉండవు. బర్రె పోతె నువ్విస్తవా పాలు?" అని నా మీద పడింది. నేను మెడ నిటారుగా పెట్టి "రికార్డింగులు ఎక్కడికీ పోవు, నా ఫోన్‌లోకి ఒక కాపీ కూడా తీసుకున్నాను. పైగా కొత్తదాంట్లో గొంతు ఇంకా క్లియర్‌గా వస్తుంది" అని ఆఫీసులో చెప్పినట్టే చెప్పాను. ఆ చివరి మాట మీద నాకు ఎంత గర్వమో!

బాపు గోడకున్న క్యాలెండర్ చూసి, "సరే బిడ్డా, గని మంగళారం వద్దు. బుధారం, రాహుకాలం పోయినంక" అన్నాడు. అన్నట్టే బుధవారం బర్రెలన్నిటి పాలు పిండేసి, ఫోన్‌ను కడిగిన పీట మీద పెట్టి, పసుపు కుంకుమలు అద్ది, గడప మీద కొబ్బరికాయ కొట్టాడు. (ఆ కుంకుమ బొట్టు సరిగ్గా వెనక కెమెరా మీద పడింది. తర్వాత కొన్నాళ్ళపాటు బాపు తీసిన ఫోటోల్లో మేమంతా సూర్యాస్తమయంలో ఉన్నట్టు వచ్చాం.) నేను బటన్ నొక్కాను. స్క్రీన్ నల్లబడి చిన్న గీత పాకడం మొదలైంది. అందరం దాని చుట్టూ, కాన్పుగది బయట కూర్చున్నట్టు కూర్చున్నాం. సగంలో గీత ఆగిపోతే బాపు నా ముఖం చూశాడు. "ఏం గాదు బాపూ, ఫికర్ చెయ్యకు" అంటూనే ఛార్జర్ వైరు ఊడలేదు కదా అని మూడుసార్లు చూశాను. చివరికి ఫోన్ వెలిగింది. రికార్డింగ్ ఉంది! పెట్టాను. అత్త గొంతు గంట కొట్టినట్టు, చెవి పక్కనే ఉండి పిలిచినట్టు వచ్చింది. "మస్తుగుంది బిడ్డా, మీ అత్త ఈడనే ఉన్నట్టుంది" అని బాపు మురిసిపోయాడు. టైలర్ భాయ్ కూడా "వారెవా" అన్నాడు.

సాయంత్రం ఆ గంటలాంటి గొంతు వింటూ రాణి నెమరు వేస్తూ నిలబడింది. అంతే. చెవి కదపలేదు. మళ్ళీ పెట్టాం, సౌండ్ పెంచాం, నా ఫోన్‌లోని కాపీ పెట్టాం (నాది అందరికంటే ముందే కొత్తదైపోయిందని చెప్పాను కదా). పొదుగు రాయిలాగే ఉంది. అత్తకు ఫోన్ చేసి స్పీకర్‌లో పిలిపించాం, లాభం లేదు. "ఆగున్రి, నేనే వస్తున్న" అని అత్త జల్‌పల్లి నుంచి ఆటో కట్టించుకుని, పిండి చేతులతోనే దిగింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. అత్త కొంగు నడుముకు దోపి, రాణి మెడ నిమిరి, "దా బిడ్డా దా" అంది. రాణి అత్త చెయ్యి నాకింది. పాలు మాత్రం లేవు.

అత్త ముఖం అలా మాడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. "పరాయిదాన్నైన గదా వదినె, మర్సిపోయింది" అని అమ్మ భుజం మీద తల పెట్టుకుంది. బాపు గుంజ దగ్గర కూర్చుని రాణి గంగడోలు రాస్తున్నాడు. ఆయన కళ్ళల్లో బేరగాడి తాడు కనిపిస్తోంది. ఈ అప్‌డేట్ మహిమ ఇల్లంతా తిరిగి చెప్పింది నేనే కదా!

ఏం చేయాలో తోచక, నా అలవాటు కొద్దీ ఫోన్‌లో ఆ మూతా ఈ మూతా తీసి చూడటం మొదలుపెట్టాను. రికార్డింగ్ కింద, ఇంతకుముందు లేనిది, నీలంగా వెలుగుతున్న చిన్న బటన్ కనబడింది. 'మాట మాత్రమే' అని ఉంది. చప్పుళ్ళన్నీ తీసేసి గొంతును శుభ్రంగా వినిపించేది అదే. నేను గొప్పగా చెప్పిన క్లియర్ గొంతు రహస్యమూ అదే. నొక్కి ఆపేశాను. ఒక్కసారిగా మా పాత పొద్దుటి కొట్టమంతా ఫోన్‌లోంచి బయటికొచ్చింది. దూరంగా రైలు కూత, క్యాన్ మీద పీచు గరగర, వాటి మధ్య అత్త గొంతు, ఇంకా అడుగున ఏదో సన్నని మూలుగు. రాణి చెవులు గిర్రున తిరిగాయి. "బాపూ, చెంబు!" అని అరిచాను. బాపు కూర్చున్నాడో లేదో చెంబులో పాలు చుయ్యిమని పడ్డాయి.

ఇంకొకరైతే అక్కడితో దండం పెట్టి ఊరుకునేవాళ్ళు. నాకు ఆగదు కదా. బటన్ వేశాను, ధార సన్నబడింది. తీశాను, మళ్ళీ వచ్చింది. "ఏం ఆటలే కోడలా, బర్రె పానం తీస్తవా?" అని అత్త కసిరింది. "అది కాదత్తా, దానికి కావలసింది నీ గొంతు కాదేమో. ఆ చప్పుళ్ళలో ఏదో ఉంది" అన్నాను. రైలు కూత కాదు, రైళ్ళు మా ఇంటి వెనక రోజంతా కూస్తూనే ఉంటాయి. అత్త పౌరుషంగా క్యాన్ తీసుకుని పీచుతో గరగర తోమింది, రాణి పట్టించుకోలేదు. ఇక మిగిలింది ఆ మూలుగు. ఫోన్ చెవికి ఆనించుకుని విన్నాను. పాటకు తక్కువ, గొణుగుడుకు ఎక్కువ, తలా తోకా లేని కూనిరాగం. "ఎవరిది ఇది?" అన్నాను. అమ్మ వినను కూడా వినకుండా "ఇంకెవరిది? మీ బాపుది. క్యాన్ చేతిల పడితె సాలు, పెండ్లైన కాంచి ఇంటున్న" అంది.

బాపు బిత్తరపోయాడు. "నేనా? నేనేడ పాడిన? నాకు పాటలొస్తయా?" అన్నాడు. "నోరు తెరువన్నా, జర పాడు!" అంది అత్త, జీవితంలో మొదటిసారి. ఆయన గొంతు సవరించుకుని, అందరినీ చూసి, చెవుల దాకా ఎర్రబడి, "నాతోని గాదు" అన్నాడు. అప్పుడు అత్త ఆయన చేతిలో పాల క్యాన్, పీచు పెట్టి, "పాడకు తియ్యి. పోయి తోముకో" అని ఎప్పటిలాగే వెనక్కి తరిమింది. ఫోన్ ఆపేశాను. బాపు వెనక్కి తిరిగి కూర్చుని తోమసాగాడు. కాసేపటికి, ఆయనకు తెలియకుండానే, ఆ తలాతోకా లేని రాగం బయలుదేరింది. రాణి మెడ మొత్తం అటు తిప్పి, కళ్ళు అరమోడ్చి, ధారాళంగా చేపింది. అత్త పాలు పిండుతూ కళ్ళు తుడుచుకుంది. "ఇన్నేండ్లు నాకిస్తున్నదనుకున్ననే! గీయన కోసమా ఇచ్చింది!" అని నవ్వింది, ఏడ్చింది. ఆ మాట విని బాపు తోమడం ఆపేశాడు, పాలూ ఆగాయి. "తోము, తోము!" అని అందరం ఒక్కసారే అరిచాం. ఆయన ముఖం గోడ వైపే ఉంది కానీ, భుజాలు కదులుతున్న తీరు చూస్తే ఏడుస్తున్నాడని తెలిసిపోయింది.

రాణి ముసలిదై కన్నుమూసే వరకు మా కొట్టంలోనే ఉంది. ఇప్పుడు కొట్టం లేదు, బర్రెలు జల్‌పల్లిలో అత్త కొడుకుల దగ్గర ఉన్నాయి, మేమంతా మలక్‌పేటలో ఉంటున్నాం. నా ఉద్యోగం మాత్రం అదే. అప్‌డేట్ వస్తోందంటే కొత్తగా చేరిన పిల్లలు ఎగిరి గంతులేస్తారు, నేనేమో "ఉన్నది మంచిగనే ఉంది కదా" అని మానిటర్‌కు అడ్డంగా కూర్చుంటాను. (అకౌంట్స్ సార్ చూస్తే ఎంత సంతోషించేవారో.) చేయక తప్పనప్పుడు, బుధవారం దాకా ఆగి చేస్తాను. చేశాక మొదట చూసేది ఆ నీలం బటన్ ఆపి ఉందా లేదా అని. మొన్న అలాగే ఆపి, సరిచూసుకుందామని పాత రికార్డింగ్ పెట్టాను. వంటింట్లో బాపు తాను తాగిన చాయ్ గ్లాసు తోముకుంటున్నాడు, ఆయనకు తెలియకుండానే రాగం తీస్తూ. ఫోన్‌లో ఒకటి, వంటింట్లో ఒకటి, రెండు రాగాలూ కాసేపు కలిసి నడిచాయి. నీళ్ళ చప్పుడు ఆగాక బాపు తల బయటపెట్టి, చెవి ఒగ్గి విని, "మీ అత్త మంచిగ పిలుస్తున్నది గని బిడ్డా, ఎనక ఎవడో గొణుగుతుండు. అది తీసెయ్యరాదా?" అన్నాడు. రాదు బాపూ అని చెప్పాను.