కొత్త మెషీన్‌లో గంజి

మా అక్క ఆమెను ఇంటి పనిలోంచి తీసేసింది ఒక ఆదివారం మధ్యాహ్నం, మేమంతా భోజనాలు చేసి లేచాక. కలకత్తా న్యూ టౌన్‌లో వాళ్ళ ఫ్లాట్ వెనక బాల్కనీలో, కొత్త వాషింగ్ మెషీన్ పక్కన నిలబెట్టి చెప్పింది.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, సరిగ్గా వినపడనట్టు చూసింది.

"ఏటమ్మా?"

"వినపడింది కదా. ఇంత ఖరీదైన వస్తువును పాడుచేశాక నిన్నెలా పెట్టుకోమంటావు?"

"నానేటి సేసినానమ్మా? మీరు పొయ్యమంటేనే కదా గంజి పోసినాను."

"నేను పొయ్యమన్నానా? నిన్న మెకానిక్ ముందు ఏం చెప్పావు? నీ నోటితో నువ్వే చెప్పావా, లేదా?"

ఆమె బావగారి వైపు చూసింది. ఆయన సోంపు నములుతూ కింద పార్కులో ఆడుకుంటున్న పిల్లల్ని చూస్తున్నాడు. నా వైపు చూసింది. "నువ్వు చెప్పమన్నావు కాబట్టే చెప్పింది కదక్కా" అన్నాను. "నీ పత్రికాఫీసు ప్రశ్నలు నా ఇంట్లో వద్దు" అని అక్క లోపలికి వెళ్ళి ఒక నేత చీర పట్టుకొచ్చింది. మడతల్లో గంజి ఉండలు కట్టి, నల్లగా బూజు చుక్కలు పడి, అట్టలా బిగుసుకుపోయిన చీర.

"ఇది ఉంచుకో. నీ చేతి పనే కదా."

ఆమె రెండు చేతులతో అందుకుంది. అందుకోకపోతే పొగరంటారని ఆమెకు తెలుసు.

ఆమెది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున ఏదో ఊరు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి కలకత్తా ఓడరేవు పక్కన మెటియాబ్రుజ్‌లో ఉంటోంది. మొగుడు డాక్‌లో బస్తాలు మోసేవాడు. నడుం పడిపోయాక ఇంట్లోనే. బావగారు బ్యాంకు ఆఫీసరుగా కలకత్తాకు బదిలీ అయి వచ్చి అలీపూర్ క్వార్టర్స్‌లో ఉన్న రోజుల్లో, తెలుగు మాట్లాడే పనిమనిషి దొరికిందని అక్క సంబరపడిపోయి పెట్టుకుంది. రిటైరయ్యాక వాళ్ళు న్యూ టౌన్‌లో ఫ్లాట్ కొనుక్కుంటే, ఆమె బస్సులు మారి ఊరికి ఆ కొసనుంచి ఈ కొసకు వచ్చేది. ఆ టవర్‌లోనే మరికొన్ని ఇళ్ళు కుదిరాయి. తరువాత ఒక్కో ఇంట్లోకీ మెషీన్ వచ్చింది, ఒక్కో ఇల్లూ మానిపించింది. చివరికి మిగిలింది మా అక్క ఇల్లు ఒక్కటే. ఆ మిగలడానికి కారణం గంజి.

అక్కకు నూలు చీరలంటే ప్రాణం. మంగళగిరి, వెంకటగిరి, ఇక్కడి తాంతు నేత చీరలు. గంజి పెట్టని నూలు చీర కట్టుకుంటే గోనె సంచి చుట్టుకున్నట్టుంటుందని అంటుంది. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఉన్నా, బట్టల రోజు మాత్రం గిన్నెలో ఎసరు పెట్టి అన్నం వండి, గంజి వారుస్తుంది. బజారులో సీసాల్లో అమ్మే గంజి అక్క దృష్టిలో గంజే కాదు.

పాత మెషీన్ చవక రకం. పక్కపక్కన రెండు తొట్లు, ఒకటి ఉతకడానికి, ఒకటి పిండడానికి. తిరిగేటప్పుడు బాత్‌రూం అంతా నడిచేది. మూత విరిగితే తాడుతో కట్టారు. కానీ ఎప్పుడు కావాలంటే అప్పుడు మూత తీయొచ్చు. ఆమె బట్టలు ఉతికాక నీళ్ళు వదిలేసి, అదే తొట్టిలో పలచటి గంజి పోసి, చీరలు ఒక్కొక్కటే ముంచి, పక్క తొట్టిలో ఒక్క తిప్పు తిప్పి ఆరేసేది. ఆ రొదకు పక్క ఫ్లాట్ వాళ్ళు గోడ కొట్టేవాళ్ళు. అయినా అది ఏనాడూ పని మానలేదు. ఆమె కూడా మానలేదు.

ఖరీదైనది కొనాలన్న పట్టుదల బావగారిది. అందులో అన్యాయమేమీ లేదు. న్యూ టౌన్ నీళ్ళలో ఇనుము ఎక్కువ, తెల్ల బట్టలు నాలుగు ఉతుకులకే పసుపు తిరుగుతాయి. వానాకాలంలో బాల్కనీలో ఆరేసిన తువ్వాళ్ళు వాసన కొడతాయి. ముందు తలుపున్న మెషీన్ నీళ్ళు కాచుకుంటుంది, తక్కువ నీళ్ళు తాగుతుంది, బట్టను దాదాపు పొడిగా పిండి ఇస్తుంది. ఇవన్నీ నిజాలు. నన్నెవరైనా అడిగితే ఇప్పటికీ ఇవే చెబుతాను.

షోరూంకు నేనూ వెళ్ళాను. అమ్మే కుర్రవాడు అక్కను "బౌదీ" అని, అంటే వదినగారూ అని, నోరారా పిలుస్తూ ఆ గుండ్రటి గాజు తలుపును బిడ్డ బుగ్గలా నిమిరాడు. "ఇది తీసుకుంటే మాషీ అక్కర్లేదు బౌదీ" అన్నాడు. మాషీ అంటే పిన్ని, ఇక్కడ పనిమనిషినీ అలాగే పిలుస్తారు. బావగారి ముఖం వికసించింది. అక్క మాత్రం అసలు ప్రశ్న అడిగింది: "గంజి పెడుతుందా?" జన్మలో ఒక్క చీర ఉతికి ఎరగని ఆ కుర్రవాడు, "సబ్ హోబే, బౌదీ" అన్నాడు. అన్నీ అవుతాయి.

మెషీన్ బిగిస్తున్నప్పుడు ఆమె గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. పాతదాన్ని షోరూం మనుషులే పట్టుకుపోయారు.

"ఇంక నీకు రెస్టేనే" అన్నాడు బావగారు.

"రెస్టయితే కూడెవుడెడతాడు బాబూ?" అంది ఆమె.

అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది. నవ్వు ఆగాక అక్క, "నీ పనికేం ఢోకా లేదులే, గంజికి నువ్వుండాలి కదా" అంది. అలా ఆమె ఉద్యోగం గంజి రోజుకు కుదించుకుపోయింది. జీతమూ అలాగే.

కొత్త మెషీన్ తలుపు మధ్యలో తెరుచుకోదు. పని మొదలుపెడితే ముగించేదాకా తాళం. కాబట్టి ఆమె ఉతుకు అయ్యాక బకెట్‌లో గంజి కలిపి, చీరలు ముంచి, చేత్తో పిండి ఆరేసేది. మోచేతుల దాకా గంజి, నేలంతా నీళ్ళు. నేల మీద నీళ్ళు చూసినప్పుడల్లా అక్కకు మెషీన్ ధర గుర్తొచ్చేది. "ఇంత పోసి కొన్నాక బకెట్ ఏమిటి, అసహ్యంగా" అనేది.

ఒక రోజు అక్క ఆ మెషీన్ సొరుగు లాగి చూసింది. అందులో సబ్బు పొడికి ఒక అర, బట్ట మెత్తగా వచ్చేందుకు పోసే ద్రవానికి ఇంకో అర ఉన్నాయి. చివరి జాడింపులో ఆ రెండో అరలోది బట్టల మీదికి దిగుతుంది. మెత్తబరిచేది పోయగా లేనిది, బిరుసెక్కించేది పోస్తే ఏం పోయిందని అక్క వాదన. వింటే నాకూ సబబుగానే తోచింది.

"ఇందులో పొయ్యవే" అంది.

"బకీట్లో ముంచి తీసేత్తానమ్మా, ఎంతసేపు?"

"మెషీన్ చేస్తుందంటే నీకేమిటి బాధ?"

బాధేమిటో ఆ బాల్కనీలో, నాతో సహా, ఉన్న ముగ్గురికీ తెలుసు. గంజి ఆ అరలోంచి దిగిందంటే ఆమె ఇక రానక్కర్లేదు. ఆమె గిన్నె అందుకుని, అర నిండా పోసింది.

మెషీన్ కాసేపు తిరిగి, మూలిగి, ఆగిపోయింది. లోపల నీళ్ళు, చీరలు. తలుపుకు తాళం. గుండ్రటి గాజులోంచి తెల్లటి కుడితిలో నానుతున్న మంగళగిరి అంచులు కనపడుతున్నాయి. మెకానిక్ తీరిక చేసుకుని వచ్చేలోగా బాల్కనీ అంతా పులిసిన వాసన. బావగారు మెషీన్‌తో వచ్చిన పుస్తకం మొదటి పేజీ నుంచి చదివి, ఒక ఉపాయం కనిపెట్టాడు. తెలియక జరిగిన ప్రమాదమైతే వారంటీలో చేస్తారేమో. ఇంటివాళ్ళు చేస్తే నిర్లక్ష్యం, పనిమనిషి చేస్తే ప్రమాదం. బ్యాంకులో అంత కాలం పనిచేసినవాడి తర్కం.

అక్క ఆమెను వంటింట్లోకి పిలిచింది. "అమ్మగారికి తెలీకుండా నేనే పోశానని చెప్పు. ఆ ఒక్క మాట చెప్పు, మిగతాది నేను చూసుకుంటాను."

"నా మీదికేటీ రాదు కదమ్మా?"

"నేనున్నాను కదే."

శనివారం మెకానిక్ వచ్చాడు. పత్రికలో పనిచేసినవాడు పక్కనుంటే భయపడతాడని నన్నూ పిలిపించారు. అతను భయపడలేదు. ఆమె డాక్ హిందీలో, అప్పజెప్పినట్టు, "మైనే డాలా దాదా, మాలకిన్ కో మాలూమ్ నహీ" అంది. నేనే పోశాను, అమ్మగారికి తెలియదు. అతను ఆమె వైపు తలైనా ఎత్తలేదు. కింద చిన్న తలుపు తీసి, వడపోత గొట్టం లాగి, జిగురులా పేరుకున్న ముద్దను అరచేతిలో వేసుకుని వేలితో కదిపాడు. అందులో మెతుకులున్నాయి.

"భాత్!" అని పగలబడి నవ్వాడు. "దాదా, కంపెనీ మీకు వాషింగ్ మెషీన్ ఇచ్చింది, అన్నం కుండ కాదు."

ఎవరు పోసినా గంజికి వారంటీ వర్తించదన్నాడు. బాగుచేసి, కూలి పుచ్చుకుని వెళ్ళిపోయాడు. అబద్ధం ఎందుకూ పనికి రాలేదు. పనికిరాని వస్తువులు పారేసే అలవాటు మా ఇళ్ళలో లేదు. అక్క దాన్ని దాచుకుంది. మరునాడు భోజనాల దగ్గర కథ మొత్తం మారిపోయింది.

"మెతుకులు! వడకట్టకుండా పోసింది. ఇన్నేళ్ళు గంజి పెట్టిన మనిషికి వడకట్టాలని తెలీదా? కావాలనే పోసింది."

"ఆ రోజు గంజి వార్చింది నువ్వే కదక్కా?"

"వార్చడం నా పని. వడకట్టడం దాని పని."

"ఆవిడ అదే చేసుంటే, ఎందుకు చేసిందో ఆలోచించావా?"

"అంటే చేసిందనే కదా నువ్వూ అంటున్నావు" అంది అక్క, నా విస్తట్లో పెరుగు వేస్తూ.

నేను తగువు తీర్చబోయి సాక్ష్యం ఇచ్చాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆమెను బాల్కనీలోకి పిలిచారు.

ఖరీదైన మెషీన్ అంత విలువ చేస్తుందా అని ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. చేస్తుంది. బావగారి చొక్కాలు అంత తెల్లగా నేనెప్పుడూ చూడలేదు. శబ్దం లేదు, పక్కవాళ్ళు గోడ కొట్టడం లేదు. పనిమనిషి జీతం మిగులుతోంది కాబట్టి కొన్నాళ్ళకు అది ఊరికే వచ్చినట్టని ఆయన టీ తాగుతూ వచ్చినవాళ్ళకు చెబుతాడు. అక్క నూలు చీరలు మాత్రం బీరువాలో మడత విప్పకుండా ఉన్నాయి. సింథటిక్ చీరలు కడుతోంది. తేలిగ్గా ఉన్నాయంటుంది. అడిగితేనే.

ఆమె మెటియాబ్రుజ్‌లో కుట్టు కార్ఖానాల చుట్టూ తిరిగిందట. బట్టలకు వేలాడే దారాలు కత్తిరించే పని అడిగితే, చూపు ఆనడం లేదని పెట్టుకోలేదట. ఈ సంగతి బావగారికి ఫోన్ చేసి తనే చెప్పుకుంది. అప్పుడు నేను ఆయన పక్కనే ఉన్నాను. స్పీకర్‌లో వినపడింది.

"గంజి రోజుకైనా రానా బాబూ? అమ్మనోసారి అడగండి."

"అడిగి చెబుతాలే" అన్నాడు ఆయన.

అది దుర్గా పూజలకు ముందు మాట. ఆయన ఇంతవరకు అక్కను అడగలేదు. ఆమెకు వద్దనీ చెప్పలేదు.