బావ ఎడమకాలు

కొత్త బండి నాలుగో నెలలోనే ఎత్తు చూస్తే జంకడం మొదలుపెట్టింది. చీడికాడ వైపు నుంచి బెల్లం లోడు వేసుకుని అనకాపల్లి వస్తున్నాం. వంతెన ఎక్కే చోట బావ యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజను గొంతు చించుకుని అరిచింది గానీ బండి మాత్రం ఎక్కాలా మానాలా అని ఆలోచిస్తున్నట్టు ఉన్నచోటే ఉండిపోయింది. వెనక బస్సువాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. కాసేపటికి దానికే బుద్ధి పుట్టి నెమ్మదిగా కదిలింది.

"ఇదేటిరా బామ్మర్దీ, దీనికి గొంతుకే గానీ కాళ్ళు నేవు" అన్నాడు బావ. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఏడాది తిరక్కుండా మా బావ చేతిలోంచి స్టీరింగు పోయింది. బండి వల్ల పోయిందని అందరికీ చెబుతూ వచ్చాను గానీ, లాక్కున్నది నేను.

బావ అంటే మా అక్క మొగుడు. నాకు డ్రైవింగు నేర్పింది ఆయనే. ఇరవై ఏళ్ళపాటు ఎవరెవరివో వ్యాన్లు తోలాడు, అన్నిట్లోనూ బెల్లమే. బెల్లం తోలడమంటే ఇటుకలు తోలడం కాదు. అచ్చులోంచి తీసిన దిమ్మ పైకి రాయిలా కనిపిస్తుంది గానీ ఒకటి రెండు రోజులు లోపల పచ్చిగానే ఉంటుంది. బండి కుదిపితే అంచు రాలుతుంది, గట్టిగా కుదిపితే నడిమికి విచ్చిపోతుంది. పగిలిన దిమ్మను అనకాపల్లి బెల్లం మార్కెట్ యార్డులో వేలానికి పెడితే వర్తకుడు దాని వంక చూడడు. పొయ్యి దగ్గర పొగలో నిలబడి రైతు చేసిన పనంతా మా కుదుపులో పోతుంది.

అందుకని బెల్లం తోలేవాళ్ళకి ఒక పద్ధతి ఉండేది. ఎడమకాలు క్లచ్ మీంచి తీసేవారు కాదు. గుంత వస్తే సగం తొక్కాలి, మలుపు వస్తే సగం తొక్కాలి. ఎత్తు మీద ఆగాల్సివస్తే బ్రేకు జోలికి పోకుండా ఆ సగం క్లచ్ మీదే బండిని పట్టి నిలబెట్టాలి. "బండి కదిల్నట్టు దిమ్మకి తెలీకూడదురా" అనేవాడు బావ. ఆయన తోలితే నిజంగానే తెలిసేది కాదు. యార్డులో షావుకార్లు ఆయనకి 'కాలుగారు' అని పేరు పెట్టారు. "ఇయ్యాల కాలుగారొత్తన్నారా?" అని అడిగి మరీ సరుకు ఎక్కించేవారు. బావ చదువుకోలేదు, చర్చిలో పాట కూడా పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాడేవాడు. ఆయనకి లోకంలో ఉన్న గౌరవమంతా ఆ కాలితో సంపాదించుకున్నదే.

నాకు నేర్పిన ఏడాది మా అక్క ఇల్లు బెల్లం ముక్కలతో నిండిపోయింది. నేను పగలగొట్టిన దిమ్మల ఖరీదు రైతుకి మేమే కట్టిచ్చి, ముక్కలు ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. టీలో బెల్లం, అంబలిలో బెల్లం, చివరికి పులుసులో కూడా బెల్లం. నా డ్రైవింగు తిని తిని మేనల్లుళ్ళకి సెగ్గడ్డలు లేచాయి. "ఈడు బండి నేర్సుకునేలోగా నా పిల్లలు సీమలైపోతారు" అని అక్క తిట్టేది. ఆఖరికి ఒక రోజు లోడంతా ఒక్క అంచు కూడా రాలకుండా దింపాను. బావ వెనక తలుపు తీసి దిమ్మ దిమ్మా తడిమి చూసి, నా ఎడమ మోకాలి మీద ఒక్క దెబ్బ వేశాడు. అదే నా లైసెన్సు.

అమ్మ వాటాకి వచ్చిన మడిచెక్క అమ్మి ఆ పికప్ కొన్నాను. పాస్టరుగారు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఎండకి రేకు కాలిపోతుంటే మధ్యలో చెయ్యి మార్చుకున్నారు గానీ ప్రార్థన మాత్రం తగ్గించలేదు. మర్నాడు యార్డులో మా షావుకారు ఊరుకోలేదు. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టించి, "ఏ దేవుడు డ్యూటీలో ఉంటే ఆయనే సూసుకుంతాడు" అన్నాడు. బండి నాది, కాలు బావది. వెళ్ళేటప్పుడు ఖాళీ బండి నేను తోలేవాణ్ణి, లోడుతో తిరుగు దారి ఆయనది. ఇన్నాళ్ళకి మనవాళ్ళ బండి తోలుతున్నానని ఆయన రోజూ పొద్దున్నే అద్దాలు తుడిచేవాడు.

వంతెన దగ్గర జంకిన తర్వాత రోగం ముదిరింది. ఎక్కడ ఎత్తు వచ్చినా ఇంజను అరవడమే గానీ బండి అందుకునేది కాదు. రెండో గేరు పడనని మొండికేసేది. లోడు దింపేసరికి ఏదో మాడిన వాసన. డీజిల్లో కల్తీ అన్నాను నేను. దిష్టి అన్నాడు షావుకారు. గేర్ బాక్సులోనే ఏదో తప్పు చేసి పంపారు అన్నాడు బావ. అదే నిజమని ఇద్దరం నమ్మేశాం. కొత్త బండికి రోగం వస్తే అది పుట్టుకతో వచ్చినదే కావాలి కదా. ఊళ్ళో మెకానిక్కు బానెట్ కూడా ఎత్తలేదు. "ఇంకా గ్యారంటీలో ఉన్నాది, నాను ముట్టుకుంటే అది పోద్ది. షోరూముకే అట్టుకెల్లండి" అన్నాడు.

విశాఖపట్నం షోరూములో నేను చాలా పెద్దగొంతు చేశాను. చెడిపోయిన బండి అంటగట్టారన్నాను, పేపర్లో వేయిస్తానన్నాను. పేపర్లో వేయించే మొహం నాది కాదని వాళ్ళకీ తెలుసు. లోపల్నుంచి ఒక పెద్ద మెకానిక్కు వచ్చాడు. తల నెరిసిన మనిషి, మాట మెత్తన. "ఎప్పుడూ తోలేది ఎవరండీ? వారినే తోలమనండి, నేను పక్కన కూర్చుంటాను" అన్నాడు.

ముగ్గురం ముందు సీట్లోనే ఇరుక్కుని కూర్చున్నాం. బావ తన పనితనమంతా చూపించాడు. ఖాళీ బండిని కూడా లోడున్నట్టే తోలాడు. గుంతల్లోంచి బండిని నీళ్ళ మీద తేలినట్టు తీశాడు, సింహాచలం వైపు ఎత్తు మీద హాఫ్ క్లచ్ మీద నిలబెట్టి చూపించాడు. చూశావా అన్నట్టు మధ్యమధ్యలో నా వైపు చూశాడు. ఆ మెకానిక్కు మాత్రం రోడ్డు చూడలేదు, గేరు చూడలేదు. దారి పొడుగునా బావ ఎడమకాలునే చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రానికి విప్పారు. క్లచ్ ప్లేటు తెచ్చి మా ముందు పెట్టారు. పెనం మీద మర్చిపోయిన అట్టులా నల్లగా మాడిపోయి ఉంది. "బండిలో తప్పేమీ లేదండీ. కాలు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంటే ప్లేటు ఇలా జారి జారి కాలిపోతుంది. ఇంజను తిరుగుతుంది గానీ ఆ బలం చక్రాలకి అందదు. ఇది గ్యారంటీలోకి రాదు. ఈయనకి డ్రైవింగు మళ్ళీ మొదట్నుంచీ నేర్పించాలి" అన్నాడు. కోపంగా అనలేదు. డాక్టరు చెప్పినట్టు చెప్పాడు.

బావ ఆ ప్లేటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత, "మరి దిమ్మ పగిలిపోదేటండీ?" అని అడిగాడు.

"ఏ దిమ్మ?" అన్నాడు మెకానిక్కు.

బావ ప్లేటు కింద పెట్టేశాడు. నేనైనా చెప్పి ఉండాల్సింది. బెల్లం సంగతి, రైతు సంగతి, ఇరవై ఏళ్ళ సంగతి, ఇంకెలా తోలితే దిమ్మ బతుకుతుందో మీరే చెప్పండి అని అడగాల్సింది. నాకు సిగ్గేసింది. పక్కన ప్యాంటూ చొక్కా నలగని వాళ్ళు కార్లు చూసుకుంటూ మా వైపు చూస్తున్నారు. అరిచిన అరుపులన్నీ నా మీదికే తిరిగొచ్చాయి. అవి ఎవరో ఒకరి నెత్తిన పెట్టాలి కదా, పక్కనే బావ ఉన్నాడు.

కొత్త ప్లేటు వేయించి బయటికి రాగానే ఆయన చెయ్యి చాపినా తాళం ఇవ్వలేదు. "ఇక నుంచి నానే తోల్తాలే బావా" అన్నాను. అంతే అన్నాను. ఇంతకంటే చెడ్డ మాట నా నోట్లోంచి ఎప్పుడూ రాలేదు. ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, చొక్కా సర్దుకుంటున్నట్టు సర్దుకున్నాడు.

అక్క మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "మీ బావకి ఆ కాలు తప్ప ఇంకేటున్నాదిరా తమ్ముడా? ఓ ప్లేటు కోసం మనిసిని దింపేసేవా?" అంది. బండి పోతే తిండెలా అన్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. నా బండిని నేనే తోలుకుంటే కాలుగారి పేరు నాకూ వస్తుందన్న ఆశ ఎక్కడో ఉంది.

మాట యార్డుకి చేరడానికి మూడు రోజులు కూడా పట్టలేదు. నేను చెప్పలేదు, కానీ అడిగినవాళ్ళకి కాదనీ అనలేదు. కాలుగారు అన్న నోళ్ళే 'క్లచ్చులు తినే మనిషి' అన్నాయి. మిగతా బళ్ళ వాళ్ళు కూడా స్టీరింగు ఇవ్వలేదు. వాళ్ళందరి కాళ్ళూ క్లచ్ మీదే ఉండేవి, పాత బళ్ళు కాబట్టి ప్లేటు పోతే వయసైపోయిందనుకునేవారు. చివరికి బావ, యాభై దాటిన మనిషి, దిమ్మలు మోసే కళాసీల జట్టులో చేరాడు. నా బండి యార్డులోకి వస్తే దింపేది ఆ జట్టే. ఆయన దిమ్మ భుజానికెత్తుకుని నా ముందునుంచే నడిచి వెళ్ళేవాడు. నేను టీ కొట్టు వైపు చూసేవాణ్ణి.

మరుసటి సీజన్ సగంలో, అదే వంతెన దగ్గర, బండి మళ్ళీ జంకింది.

ఆ వాసన నాకు తెలుసు. ఈసారి డీజిల్ని అనలేను, దిష్టిని అనలేను. లోడుతోనూ ఖాళీగానూ తోలింది నేనొక్కణ్ణే. కిందికి చూసుకుంటే నా ఎడమకాలు క్లచ్ మీద హాయిగా కూర్చుని ఉంది. అది ఎప్పుడు అక్కడికి వెళ్ళిందో నాకు తెలియదు. షోరూము పెద్దాయన చెప్పినప్పటినుంచీ తీసేశాననే అనుకుంటున్నాను.

ఊళ్ళో మెకానిక్కు దగ్గరికి వెళితే యార్డుకి తెలుస్తుంది. అందుకని సరుకు దింపాక ఖాళీ బండిని మెల్లగా ఈడ్చుకుంటూ నక్కపల్లి దాకా వెళ్ళి, నన్ను ఎరగని మెకానిక్కు చేత ప్లేటు మార్పించాను. రెండు రోజులు బండి రాలేదేమని అడిగితే జ్వరం అన్నాను. బావ ఆ మాట విని, రాత్రికి అక్క చేత మిరియాల చారు పంపించాడు. ఆ చారు నేను తాగలేకపోయాను, పారబొయ్యనూ లేకపోయాను.

తర్వాత కొన్నాళ్ళకి చీడికాడ దగ్గర బెల్లం వండే ఒక పాకలో ఎక్కించేవాళ్ళు లేరంటే, జట్టులోంచి బావ నాతో వచ్చాడు. ఏడాది దాటాక ఇద్దరం మళ్ళీ ఒకే సీట్లో కూర్చున్నాం. వెళ్ళేటప్పుడు అక్క సంగతీ పిల్లల సంగతీ మాట్లాడుకున్నాం. లోడు వేసుకుని తిరిగి బయల్దేరాం. గుంత వచ్చింది. పక్క సీట్లో బావ ఎడమకాలు కింద మ్యాట్ మీద మెత్తగా నొక్కుకుంది. అక్కడ పెడల్ లేదు. మలుపు వచ్చింది, మళ్ళీ నొక్కుకుంది. సరిగ్గా అప్పుడే నా కాలు కూడా నొక్కింది. నేను చూడటం ఆయన చూశాడు.

వంతెన ఎక్కాక అడిగాడు. "రెండోది ఎక్కడేయించేవురా?"

"ఏటి బావా?"

"ప్లేటు. పెడలు కొత్తగా బిగుసుగున్నాది. నీ కాలు సూత్తే తెల్డంలేదేటి?"

"నక్కపల్లిలో" అన్నాను. "క్రిస్మస్ ఎల్లేక."

తిడతాడని చూశాను. తిడితే బాగుండునని చూశాను. ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు. యార్డు గేటు దగ్గర బండి ఆపి, తాళం తీసి ఆయన చేతిలో పెట్టబోయాను. "నువ్వు తోలు బావా. తప్పు నీది కాదని అందరికీ నానే సెప్తాను. నా కాలితో కూడా ప్లేటు పోనాదని సెప్తాను" అన్నాను.

ఆయన తాళం ముట్టుకోలేదు. "నీ కాలేటిరా? అది నాను నేర్పిందే కదా. నా కాలే రెండు ప్లేట్లు తినేసినాది" అన్నాడు. "ఇరవై ఏళ్ళు తప్పే తోలేన్రా బామ్మర్దీ. తప్పే నేర్పేను."

ఆ తప్పు మోసుకోమని ఆయన్ని అడిగినవాళ్ళు ఎవరూ లేరు. నేను దాచిన అబద్ధం ఆయనకి దొరికితే, దానితో నన్ను కొట్టకుండా తన మీదే వేసుకున్నాడు. ఆ రోజు యార్డులో నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ తర్వాతా చెప్పలేదు. బావ మళ్ళీ ఏ బండీ తోలలేదు.

ఆయన దిగి, తలగుడ్డ చుట్టుకుని, వెనక తలుపు తీశాడు. అలవాటు కొద్దీ దిమ్మ దిమ్మా చేత్తో తడిమి చూశాడు. ఒక్కటి కూడా పగల్లేదు. మొదటి దిమ్మ భుజానికెత్తుకుని లోపలికి నడిచాడు.