టీచరుగారి కొత్త ఒళ్ళు

1997 చలికాలంలో ఒకరోజు నూకరత్నం టీచరును నా క్లినిక్కులో పదిమంది ముందూ నిలబెట్టి మెచ్చుకున్నాను. వైద్యుడిగా నేను చేసిన తప్పుల్లో అది ఒకటి.

అప్పటికి చోడవరంలో ప్రాక్టీసు పెట్టి ఆరేళ్ళు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే చెరుకు బళ్ళు మా గుమ్మం ముందునుంచే పోయేవి. ఆ పచ్చి చెరుకు వాసన ఇప్పటికీ తలపుకొస్తుంది. నూకరత్నం బుచ్చయ్యపేట వైపు ఎలిమెంటరీ స్కూలు టీచరు. విశాఖలో ఉద్యోగం చేసే తమ్ముడు మద్రాసు తీసుకెళ్ళి బరువు తగ్గే ఆపరేషన్ చేయించాడు. అందులో పొట్టను చిన్న సంచిలా కుదించి పేగుకు కలుపుతారు. తిండి తగ్గుతుంది, బి12 విటమిను ఒంటికి పట్టడమూ తగ్గుతుంది. నెలనెలా ఇంజెక్షన్ వెయ్యకపోతే నరాలు దెబ్బతింటాయి. ఆ పని నాకు అప్పగించారు.

మా కాటా వరండాలో ఉండేది. కాంపౌండరు అప్పలనాయుడు బరువు పైకి చదివితే లోపల నేను రాసుకునేవాణ్ణి. ఆ రోజు బాగా తగ్గిన అంకె విని నేనే బయటికి వచ్చాను. ఇన్నాళ్ళకు అసలు టీచరుగారు బయటపడ్డారని నవ్వుతూ అన్నాను. బెంచీ మీదివాళ్ళంతా ఆవిణ్ణి ఎగాదిగా చూశారు.

"ఏటమ్మా, ఇలాగ సిక్కిపోనావు? సుగరా?" అని ఒక ముసలామె అడిగింది.

టీచరు భుజాల నిండా కొంగు కప్పుకుని, ఇంజెక్షన్ చేయించుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. వేసవి సెలవులయ్యి బడులు తెరిచాక తమ్ముడు ఫోన్ చేశాడు, అక్కకు అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని. మందు పట్టుకుని నేనే ఆవిడ ఇంటికి వెళ్ళాను.

ఎందుకు రాలేదో నేను అడగకముందే ఆవిడే చెప్పింది.

"బస్సెక్కితే కండక్టరు 'రెండు టికెట్లు తియ్యాల టీచరమ్మా' అని ఏడిపించీవోడు. 'నీ సీటు కూడా రాసిచ్చీ బాబూ' అనీదాన్ని. బస్సంతా నవ్వీది. ఇప్పుడు ఆడు నన్ను పోల్చనేదు కూడా. గుమ్మంలో ఇంకా పక్కకి తిరిగే దూరతన్నాను. అద్దంలో ఈ వేలాడే తోలు సూస్తే ఎవరిదో అనిపిస్తంది. అసలు టీచరు ఇప్పుడొచ్చిందన్నారు కదా డాక్టరుగారూ, మరి ఇరవయ్యేళ్ళు పిల్లలకి అక్షరాలు దిద్దించింది ఎవరు?"

తప్పయిందన్నాను. అందరి ముందూ క్షమాపణ చెబుతానంటే వద్దంది. మళ్ళీ తననే చూస్తారంది.

కాటాను లోపలి గదిలోకి మార్పించాను. ఆపరేషన్ కత్తి నెలల్లో ఒంటిని మార్చగలదు. ఆ ఒంటిని తనదనుకోవడానికి మనిషికి ఇంకా చాలాకాలం పడుతుందని, పాత మనిషిని తక్కువ చేస్తే కొత్త మనిషికి ఊతం దొరకదని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. తిమ్మిర్లు నెమ్మదిగా తగ్గాయి. ఆ తర్వాత ప్రతినెలా మిగతా రోగులకంటే ముందే ఆవిణ్ణి రమ్మని, సూది వేశాక కుర్చీ లాక్కుని ఆవిడ చెప్పేది వింటూ కూర్చునేవాణ్ణి. బరువు ఆవిడ చెబితే రాసుకునేవాణ్ణి. చెప్పని నెల అడిగేవాణ్ణి కాదు.