ఊ కొట్టడం నేర్పిన రాజమణి టీచర్

మొన్న మా ఆడబిడ్డతో కలిసి మహబూబాబాద్ బస్టాండు ముందు ఆటో కోసం నిలబడి ఉన్నాను. మార్కెట్ వైపు పోతున్న ట్రాలీ ఒకటి మమ్మల్ని రాసుకుంటూ వెళ్ళింది. దాని నిండా ఎండుమిరపకాయల బస్తాలు. ఆ ఘాటు ముక్కుకు తగిలిందో లేదో, ఇక తుమ్ముల మీద తుమ్ములు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. "ఏంది వదినె, జరంత ఘాటుకే గిట్లయితవా?" అని మా ఆడబిడ్డ ఒకటే నవ్వు. నవ్వితే నవ్వనీ. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు రాజమణి టీచర్ గుర్తొస్తుంది. చిన్నప్పుడు ఒక ఏడు నేను బడి మానేసి, మా అమ్మానాన్నల వెంట మిరపతోటలకు వెళ్ళిపోవలసినదాన్ని. మా తండాలో అట్లా వెళ్ళిన ఆడపిల్ల ఎవరూ తిరిగి పలక పట్టలేదు. నేనూ పట్టేదాన్ని కాదు. ఆ ఏడు నన్ను ఆపిన మనిషి ఆమె. ఇవాళ భూపాలపల్లి దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో చిన్నపిల్లలకు కథలు చెప్పి జీతం తీసుకుంటున్నానంటే, ఆ పుణ్యమంతా ఆమెదే.

మాది దేవరుప్పుల అవతల ఒక తండా. బడి అంటే రెండు గదులు, ఒక వరండా, ఒకే ఒక్క టీచర్. రాజమణి టీచర్ రోజూ జనగామలో ఎర్రబస్సెక్కి దేవరుప్పులలో దిగి, ఆటో దొరికితే ఆటోలో, లేకపోతే నడిచి వచ్చేది. నడిచి వచ్చిన రోజు ఆమె జోలికి ఎవరూ పోకూడదు. చీర కుచ్చిళ్ళ నిండా దుమ్ము, మొహం నిండా చిటపట. గటగటా నీళ్ళు తాగి, "ఇగ రాండ్రి, ఇయ్యాల నా చేతుల ఎవలున్నరో" అనేది. మేం కిసుక్కున నవ్వేవాళ్ళం. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆదివారం చర్చిలో తనను పాట పాడనివ్వరనీ, తను గొంతెత్తితే అందరి శ్రుతీ పోతుందనీ తనే చెప్పుకుని నవ్వేది. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. ఆమెకు లెక్కలు చెప్పడం చేతకాదు. భాగహారం వచ్చేసరికి విసుగొచ్చి, "గిది రేపు జేద్దాం" అంటూ కథలోకి దూకేది. ఆ రేపు ఎన్నడూ రాలేదు. ఇప్పటికీ భాగహారమంటే నాకు గుండె దడే. కానీ కథ చెప్పడంలో, చెప్పిన కథను పిల్లల చేతనే విప్పించడంలో ఆమెను మించినవాళ్ళను నేను చూడలేదు. గురుభక్తితో అంటున్న మాట కాదిది. ఆ తర్వాత ఎంతోమంది చెప్పగా విని అంటున్న మాట.

మా దిక్కున కథ చెప్పేవాళ్ళకు ఎదురుగా ఒకరు కూర్చుని ఊ కొట్టాలి. ఊ లేకపోతే చెప్పేవాళ్ళకు నోరు పెగలదు. ఇంట్లో ముసలమ్మల కథలకు ఉన్న ఈ అలవాటునే ఆమె బడిలో పాఠంగా చేసింది. రోజుకొకరిని ముందు కూర్చోబెట్టి ఊ కొట్టే పని అప్పజెప్పేది. దానికొక షరతు ఉంది. కథలో ఏదైనా తక్కువైందనిపిస్తే ఊ ఆపెయ్యాలి. ఊ ఆగిందంటే టీచరైనా సరే కథ ఆపి, ఏం తక్కువైందని మమ్మల్ని అడగాలి. ఇక చూడండి, ఆమె కావాలనే ఒక్కో కథలో ఒక్కోటి మింగేసేది.

"ఒక ఊళ్ళె ఒక మేక ఉండె. పొద్దుగాల మేసింది. పగటీలి నీళ్ళు దాగింది. పొద్దుగూకంగ ఇంటికొచ్చింది. అయిపాయె కథ. పోండ్రి, పోయి అన్నం దినుండ్రి."

ఊ కొట్టే పిల్లవాడు మధ్యలోనే ఆపేశాడు. "గిదేం కథ టీచర్!" అని తరగతంతా గోల.

"ఏమైంది? మేక లేదా? మ్యాత లేదా?"

"ఉన్నయ్ గని టీచర్, ఏం గాలే గదా!"

"ఏం గావాలె మరి?"

"దానికి ఏదన్న గావాలె టీచర్. అది జల్ది దొరుకద్దు" అన్నాడు వాడు. టీచర్ మొహం వెలిగిపోయింది. "శభాష్ బిడ్డా!" అని వాడి వీపు మీద ఒక్కటి వేసింది. మెచ్చుకున్నా, తిట్టినా ఆ చెయ్యి వీపు మీదే పడేది.

ఇంకోరోజు, "ఒకాయన కాలు జారి పడ్డడు" అని మొదలుపెట్టింది. మొదటి మాటకే ఊ ఆగింది. ఏడ పడ్డడని పిల్లలు అడిగారు. "ఏడ పడితె ఏంది, పడుడైతె పడ్డడు గద" అని ఆమె దబాయింపు. "అట్లెట్ల టీచర్! వాగుల పడితె తడుస్తడు, బండ మీద పడితె కాలిరుగుతది" అని పిల్లలు లేచి నిలబడ్డారు. సగంమంది వాగన్నారు, సగంమంది బండన్నారు. అన్నం బెల్లు అయ్యేసరికి వాగులో పడ్డాయనకు చేతినిండా చేపలు దొరికాయి, బండ మీద పడ్డాయనను మంచం మీద దవాఖానకు మోసుకుపోయారు. ఆమె ఒక పక్కన నిలబడి చింతకాయ చప్పరిస్తూ మా కొట్లాట చూస్తోంది. పాత్రలు, నేపథ్యం, సమస్య, పరిష్కారం అనే పేర్లు నేను టీచర్ ట్రైనింగులో చేరాకే విన్నాను. మాకు అవన్నీ ఎవలు, ఏడ, ఏం గావాలె, ఏం అడ్డమొచ్చె, ఆఖరికి ఏమాయె. అంతే. ఆ వయసులో పేర్లు తెలియకపోతే కొంప మునిగిందేమీ లేదు.

ఇంత గోలలో నేను మాత్రం నోరు తెరిచేదాన్ని కాదు. తండాలో అందరి ఇళ్ళలోనూ లంబాడీ భాషే. మిగతా పిల్లలు ఊళ్ళోకి పోతూ వస్తూ తెలుగు పట్టేశారు. నాకు విన్నది అర్థమయ్యేది కానీ, మాట బయటికి వచ్చేది కాదు. బడిలో చేరిన కొత్తలో ఏదో ఒక తెలుగు మాట అంటే పిల్లలు పగలబడి నవ్వారు. అంతే, నోటికి తాళం పడింది. ఇంటిదగ్గర కూడా ఎవరైనా అడిగితే, "మా పోరి సగం మూగది" అని బాపు, అంటే మా నాన్న, చెప్పేవాడు. రాజమణి టీచర్ నన్ను మాట్లాడమని బతిమాలలేదు, బెదిరించలేదు. ఒకరోజు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు కూర్చోబెట్టింది.

"అరుణా, ఇయ్యాల నువ్వు ఊ గొట్టు. ఊ అనెతందుకు తెలుగేంది, లంబాడేంది!"

కొట్టాను. ఎంత చిన్నగా కొట్టానంటే ఆమె వంగి, చెవి నా నోటి దగ్గర పెట్టుకుని కథ చెప్పింది. మర్నాడూ నన్నే కూర్చోబెట్టింది. ఆ మర్నాడూ నన్నే. "అది మంచిగ గొడుతాంది" అని మిగతా పిల్లల నోరు మూయించింది. ఆ రోజుల్లో నేను ఎంత సంతోషంగా బడికి పరుగెత్తేదాన్నో! నేను ఊ అంటే తప్ప అంత పెద్ద టీచర్ నోట మాట రాదు మరి.

అట్లా ఒకరోజు ఒక మేక కథ చెబుతోంది. తల్లిమేక తన రెండు పిల్లలను వెంటబెట్టుకుని వాగు దాటింది. అవతలి గట్టున పచ్చి గడ్డి మేశాయి. మబ్బు పట్టింది, వాగు పొంగింది. తల్లి ముందు, పిల్ల వెనక, ఎట్లాగో ఈదుకుంటూ ఇంటికి చేరాయి. పిల్లలంతా హమ్మయ్య అన్నారు. నేను ఊ అనలేదు. టీచర్ నా వైపు చూసింది. "ఏమే, ఊ ఏది?" అంది. మా భాషలోనే ఏదో అన్నాను. టీచర్ నా పక్కనున్న లలితను అడిగింది, "ఏమంటాంది?"

"ఇంకో పిల్ల ఏడ వోయిందని అడుగుతాంది టీచర్."

రాజమణి టీచర్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, నిజంగనే మర్చిపోయిన! అది అవతలి గట్టుకే ఉండిపాయె గద" అంది. అన్ని కథల్లో కావాలని మింగేసే మనిషి ఆరోజు నిజంగానే మరిచిపోయింది. తప్పు కప్పిపుచ్చుకోలేదు, ఇదీ పాఠమేనని బుకాయించలేదు. నేల మీద నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "నువ్వే తోలుకరావాలె బిడ్డా. నేను ఊ గొడుత" అంది. నేను మా భాషలో చెప్పుకుంటూ పోయాను, లలిత తెలుగులో చెప్పుకుంటూ వచ్చింది. ఆ మేకపిల్ల గట్టు మీద ఒక్కతే ఎంత ఏడ్చిందో, తల్లి వాసన కోసం గాలిలోకి ఎట్లా ముక్కెత్తిందో అన్నీ చెప్పాను. ఆమె ఒక్క ఊ కూడా తప్పిపోనివ్వలేదు. నా జీవితంలో నేను చెప్పిన మొదటి కథ అది. ఆ తర్వాత తెలుగు మాటలు ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి, కానీ బడిలోనే. ఇంట్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఆ ఏడు చలికాలం దాటుతుండగా కూలీలను తోలుకుపోయే మేస్త్రీ వచ్చి మాట్లాడుకుపోయాడు. ఖమ్మం దిక్కున మిరపతోటలు. యాడి, అంటే మా అమ్మ, బాపు ఇద్దరూ కాయ ఏరడానికి. చంటి తమ్ముణ్ణి గట్టు మీద కూర్చుని చూసుకోవడానికి నేను. నన్నెవరూ అడగలేదు. అడుగుతారని నేనూ అనుకోలేదు. సామాన్లు కట్టుకుంటున్న సాయంత్రం రాజమణి టీచర్ మా వాకిట్లోకి వచ్చింది. లలిత చెప్పి ఉంటుంది. బాపు మంచం వాల్చాడు.

"టీచరమ్మా, మీరేం అనుకోకుండ్రి. పోరి నోరే దెరువది, దానికి సదువెట్ల అబ్బుతది? మా ఎంబడి వస్తె పోరన్నన్న జూసుకుంటది" అన్నాడు.

ఇక టీచర్ పెద్ద గొంతు లేస్తుంది, బాపుకూ కోపమొస్తుంది, నా పని అయిపోయింది అనుకున్నాను. ఆమె నిమ్మళంగా మంచం మీద కూర్చుంది.

"బీక్యన్నా, నేను లొల్లి వెట్టుకునెతందుకు రాలే. ఒక కథ ఇనిపోదామని వచ్చిన. నీ బిడ్డ జెప్తది, నువ్వు ఊ గొట్టాలె." బాపు అయోమయంగా నవ్వాడు. ఆమె నా వైపు తిరిగింది. "కథల ఎవలున్నరు అరుణా?"

"ఒక పిల్ల" అన్నాను, తెలుగులో. "యాడి, బాపు, తమ్ముడు."

బాపు యాడి వైపు చూశాడు. యాడి చేతిలో మూట అట్లాగే ఆగిపోయింది. "ఊ" అన్నాడు బాపు.

"ఏడున్నరు?"

"తండల. రేపు మిరపతోటకు పోతరు."

"ఊ."

"మరి ఆ పిల్లకేం గావాలె?"

బడి కావాలంటే యాడి వద్దన్నట్టవుతుంది. యాడి కావాలంటే బడి పోతుంది. ఏడుపు తన్నుకొస్తోంది. టీచర్ ఒక్క మాట అందించలేదు. అందిస్తే బాగుండునని ఆ క్షణంలో ఆమె మీద కోపం కూడా వచ్చింది. అప్పుడు బాపు, ఎవరూ అడగకుండానే, "ఊ?" అన్నాడు. తర్వాత ఏమైందో తెలుసుకోవాలని ఉన్న మనిషి అనే ఊ అది.

"బడి గావాలె" అన్నాను. "యాడి గూడ గావాలె."

"ఏం అడ్డమొచ్చింది?" టీచర్ గొంతు అంత మెత్తగా ఎప్పుడూ వినలేదు.

"రెండు ఒక్క తాన లెవ్వు."

బాపు ఊ అనలేదు. టీచర్ లేచి చీర దులుపుకుంది. "ఆఖరికి ఏమాయెనో నువ్వే జెప్పాలె బీక్యన్నా. నా బస్సుకు ఏళయితాంది" అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున యాడి తమ్ముణ్ణి వీపుకు కట్టుకుంది. బాపు నన్ను మా నాయనమ్మ దగ్గర కూర్చోబెట్టి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి బండెక్కాడు. అంతా సుఖంగా జరిగిందని చెబితే అబద్ధం. వాళ్ళు తిరిగి వచ్చేదాకా యాడి కోసం ఏడవని రోజు లేదు. రాజమణి టీచర్ ఊరుకోమనేది కాదు. నన్ను కథలు చెప్పనిచ్చేది. ప్రతి కథలోనూ ఎవరో ఒకరి తల్లి తప్పిపోయేది. ఆఖరు చెప్పలేక ఆగిపోతే, "ఆఖరు రాకుంటె రాకపాయె, రేపు జెప్పుకుందాం" అనేది. భాగహారంలాగా కాదు, ఈ రేపు తప్పకుండా వచ్చేది.

నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మిఠాయి డబ్బా పట్టుకుని జనగామలో ఆమె ఇంటికి వెళ్ళాను. ఒకటి నోట్లో వేసుకుని, "కథలు జెప్పు గని, లెక్కలు గూడ జెప్పు బిడ్డా. నా తీర్గ జెయ్యకు" అని నవ్వింది. నా వీపు మీద ఒక్కటి వేసింది. కిందటి ఏడు ఆమె పోయిందని తెలిసి యాడి, నేను జనగామ వెళ్ళి చూసి వచ్చాం. ఎంత ఏడ్చానో చెప్పలేను. కన్నతల్లి పక్కనే ఉండగా తల్లి పోయినట్టు ఏడ్చాను. తిరుగు బస్సులో యాడి మెల్లగా తెలుగులోనే అంది.

"ఆ దినం టీచరమ్మ నీకేం గావాలెనని నిన్ను అడిగె గద. నన్నెవ్వలు గట్ల అడగలే. మా అవ్వ అడగలే, మీ బాపు అడగలే."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "నీకేం గావాలె యాడి?"

"నాకా? ఈ వయసుల నాకేం గావాలె!" అని నవ్వేసింది. నేను ఇంకేమీ అనలేదు. చూస్తూ కూర్చున్నాను. బస్సు ఒక స్టేజీలో ఆగింది, కదిలింది, ఇంకో స్టేజీలో ఆగింది. యాడి కొంగుతో మొహం తుడుచుకుంది.

"నువ్వు బడిల జెప్తాంటె ఒక్కపాలి కూసోని ఇనాలె."

ఆ సోమవారమే మా బడికి తీసుకెళ్ళాను. పిల్లలతో పాటు చాప మీద, గోడకు ఆనుకుని కూర్చుంది. బడి మాన్పించడానికి ఏ తండ్రి వచ్చినా నేను ముందు పిల్లనే అడుగుతాను, ఏం కావాలని. కొందరు ఆగుతారు, కొందరు తీసుకుపోతారు. ఇప్పుడు మా ఇంట్లోవాళ్ళనూ అడుగుతున్నాను. అడగడం తేలికే. జవాబు వచ్చేదాకా మధ్యలో మాట అందించకుండా ఉండటమే కష్టం. రాజమణి టీచర్ మా వాకిట్లో మంచం మీద కూర్చుని చేసింది ఆ పనే.