పెదనాన్న ఎత్తిన చెయ్యి

మా పెదనాన్న పోయాడు. సోమవారం పొద్దున పెద్దమ్మ ఫోన్ చేసి, "మీ పెదనాన్న లేడు పాపా, బయల్దేరి రా" అని పెట్టేసింది. నెల్లూరు నుంచి అల్లూరు మీదుగా మా పాలెం చేరేసరికి పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టేశారు. పెదనాన్నకు కొన్నాళ్ళుగా ఒంట్లో బాగాలేదు. అయినా ఆ చావులో నా వంతు కొంత ఉంది. అది చెప్పుకోకుండా ఆయన గురించి నాలుగు మంచిమాటలు రాసి ఊరుకోవడం నాకు చేతకాదు.

నలభై ఏళ్ళు బోటు నడిపిన మనిషి. చేపల వేటలో కష్టమంతా ఒడ్డున విరిగే అలల్ని దాటడమే. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, అవి పోయాక నీళ్ళు కాసేపు సద్దుమణుగుతాయి. అప్పటిదాకా పెదనాన్న కుడిచెయ్యి పైకెత్తి నిలబడేవాడు. అది దిగేదాకా బోటు తోసేవాళ్ళలో ఒక్కరూ కదిలేవారు కాదు. ఇంట్లోనూ అంతే. భోజనం ముందు ప్రార్థన ముగిసి ఆ చెయ్యి దిగితేగాని పిల్లలం ముద్ద ముట్టేవాళ్ళం కాదు.

నేను వీడియో గేములు తయారుచేసే కంపెనీకి ఇంటినుంచి పనిచేస్తాను. ఇప్పుడు చేస్తున్నది పాతకాలపు తెరచాప ఓడల ఆట. ఒడ్డునుంచి బట్టల మూటల్ని పడవలో అలలు దాటించి, లోతులో లంగరేసిన ఓడకు చేర్చాలి. ఆ అలలు చేసేది నేనే. నిరుడు లాప్‌టాప్ పట్టుకెళ్ళి గొప్పగా పెదనాన్నకు చూపించాను.

"నీళ్ళు గీసేదానికా మ్మే నీకు జీతం ఇస్తుండారు?" అని నవ్వాడు. కాసేపు చూసి తెరమీద వేలు పెట్టాడు. "ఈ అల ఇందాకే వచ్చినాది గదా. మళ్ళా అదే వస్తుండాదే? పోయిన అల మళ్ళా రాదు పాపా."

నిజమే. చిన్న సముద్రం ముక్క చేసి, దాన్నే పక్కపక్కన అతికించి తిప్పుతున్నాను. ఆఫీసులో ఒక్కరూ పట్టుకోలేదు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆయన వరండాలో నాకు బడి. అల వీపు ఎలా ఉంటుందో, నురుగు ఎంతసేపు నిలుస్తుందో, గాలి తిరిగితే నీళ్ళ రంగు ఎలా మారుతుందో విసుక్కోకుండా చెప్పాడు. నేనే అడగకూడనిది అడిగాను. మా అన్నను తీసుకుపోయిన అల ఎలా వచ్చిందని.

అన్న ఆయనకు ఒక్కగానొక్క కొడుకు. అప్పటికి బోటు అన్నకు అప్పజెప్పి, ఒడ్డున నిలబడి చెయ్యెత్తే పని మాత్రం పెదనాన్న తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ రోజు మూడు పెద్ద అలలు పోయాక చెయ్యి దించాడు. నాలుగోది వచ్చి బోటును తిరగేసింది. "అది వస్తాదని ఎవురికి తెలుసు, దేవుడికి తప్ప" అనేవాడు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ బతికాడు.

ఆయన చెప్పింది చెప్పినట్టు ఆ అలను చేసి, తీసుకెళ్ళి ఆయనకే చూపించాను. సిగ్గులేని పని. తెరమీద పడవ కదలగానే పెదనాన్న చెయ్యి లేచింది.

"తొయ్యొద్దురా" అన్నాడు.

పడవ తిరగబడింది. మళ్ళీ వెయ్యమన్నాడు. వేశాను. ఇంకోసారి వెయ్యమన్నాడు.

"పడవను కాసేపు నిలిపితే?"

నిలిపాను. నాలుగో అల ఉత్త ఇసుక మీద విరిగి వెనక్కి పోయింది. ఆ తర్వాత పడవ నిమ్మళంగా దాటేసింది.

"ఇంతేనా?" అన్నాడు. "ఇంతసేపు ఆగుంటే సరిపోయేదా?"

"ఇది బొమ్మ పెదనాన్నా, నిజం కాదు" అన్నాను. ఆయన వినలేదు. ఆ తర్వాత ఒడ్డుకు పోవడం మానేశాడు. తిండి తగ్గించేశాడు. మంచాన పడ్డాక కూడా కుడిచెయ్యి ఉన్నట్టుండి లేచేది. పెద్దమ్మ దాన్ని మెల్లగా దించి దుప్పటి కప్పేది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఆటలో ఒడ్డున ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన చెయ్యెత్తితే పడవ ఆగాలి. ఆ ఆగడం మరీ ఎక్కువసేపు ఉంది, ఆడేవాళ్ళు విసుక్కుంటారు, సగానికి తగ్గించమని పోయిన వారం ఆఫీసు నుంచి రాశారు. నేను జవాబివ్వలేదు. పెదనాన్నను సమాధి చేసి ఇంటికొచ్చాక లాప్‌టాప్ తెరిచి దాన్ని ఇంకాస్త పెంచాను. మూడో అల పోయింది. నాలుగోదీ పోయింది. నీళ్ళు సద్దుమణిగాయి. ముసలాయన చెయ్యి ఇంకా పైనే ఉంది.