గోతాల మీద ఆరేసిన రగ్గులు

అది నా చిన్నప్పుడు, నాలుగో తరగతి పరీక్షలు అయిపోయిన ఎండాకాలం. గుంటూరు దగ్గర మా ఊళ్ళో పక్కింటి అక్క ఒక్కతే ఫార్మసీ చదివేది. కాలేజీ ల్యాబులో ఇక అక్కర్లేదన్న రెండు గినీ పందుల్ని ఆ ఏడు ఇంటికి తెచ్చుకుంది. తోకలేని బొద్దు ఎలుకల్లా ఉండేవి. పేరు విని, చూడటానికి వచ్చిన వాళ్ళంతా నవ్వి వెళ్ళేవారు.

వాటి పెట్టెలో అక్క ఒక పాత నూగు రగ్గును ముక్కలు చేసి పరిచేది. మూడు రోజులకోసారి ఆ ముక్కలు ఉతకడం పెద్ద పని. పెంటికలు, గడ్డి దులిపి, అంటుకున్న బొచ్చు చేత్తో ఏరి, వాసన పోవడానికి కాస్త వెనిగర్ కలిపిన నీళ్ళలో నానబెట్టేది. తరవాత కొంచెం సబ్బుతో ఉతికి, నాలుగు నీళ్ళలో జాడించి, డాబా మీద తీగకి ఆరేసేది. నేను పక్కన కూర్చుని నీళ్ళు అందించేదాన్ని.

"మొహం దీంట్లోనే పెట్టుకుని పడుకుంటాయే. మురికుంటే వాటికి పోయే చోటేదీ?" అనేది.

ఒకసారి బంధువుల పెళ్ళికి చీరాల వెళ్తూ, మూడు రోజులు వాటిని నాకు అప్పగించింది. పొంగిపోయాను. రగ్గులు శ్రద్ధగానే ఉతికాను. కానీ తడిసి బరువెక్కాయి, డాబా మెట్లు కాలుతున్నాయి, వీధిలో పిల్లలు ఆటకి పిలుస్తున్నారు. మా వాకిట్లో నాన్న మిరపకాయలు దులిపేసిన ఖాళీ గోతాలు పరిచి ఉన్నాయి. వాటి మీదే రగ్గులు పడేసి పరిగెత్తాను. సాయంత్రం తీసుకెళ్ళి పెట్టెలో వేశాను.

తెల్లారేసరికి రెండూ ముక్కులు రుద్దుకుంటున్నాయి. కళ్ళు మూసుకుపోయాయి. ఆ నూగు నిండా మిరపకారం పట్టిందని నాకు వెంటనే అర్థమైంది. రగ్గులు తీసేసి, తడిగుడ్డతో కళ్ళు తుడిచాను. తిడతారన్న భయంతో పెద్దవాళ్ళెవరికీ చెప్పలేదు. మర్నాడు చిన్నది చచ్చిపోయింది.

అక్క ఆ సాయంత్రమే వచ్చింది. నేను మూలన కుక్కిన రగ్గు దులపగానే తనకి తుమ్ములు వచ్చాయి. నా వంక చూసింది. అప్పుడే మా అమ్మ లోపలికి వచ్చి, "అయ్యో, ఏమైందే దీనికి?" అంది.

"ఎండదెబ్బ పిన్నీ. ఈ జాతి మన ఎండలకి ఆగదు" అంది అక్క.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడు రోజుల తరవాత నేను బకెట్ పట్టుకుని వెళ్తే, "నేను చేసుకుంటాలే, నువ్వెళ్ళి ఆడుకో" అంది. గొంతులో కోపం లేదు. ఆ తరవాత ఇంటికి వెళ్తే మాట్లాడేది, పక్కన కూర్చోబెట్టుకునేది. పని మాత్రం మళ్ళీ ఎప్పుడూ అప్పగించలేదు. జత పోయిన రెండోది మేత మానేస్తే, వాటిని పెంచే తెలిసినవాళ్ళకి ఇచ్చేసింది. చదువైపోయి, ఉద్యోగానికని ఊరు వదిలి వెళ్ళేరోజు బస్సు దాకా వెళ్ళాను. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను.

ఒక్కసారి అడిగుంటే చెప్పేదాన్ని కదా అని చాలా ఏళ్ళు అక్కనే తప్పుబట్టాను. నన్ను తిట్ల నుంచి తప్పించడం వేరు, క్షమించడం వేరు. క్షమించమని నేను అడగనేలేదు. ఇప్పుడు నా చేతిలో ఏది పాడైనా ఎదుటివాళ్ళు గమనించకముందే చెప్పేస్తాను. మా ఇంట్లోవాళ్ళు దాన్ని మంచి గుణం అంటారు. వాళ్ళు అలా అన్నప్పుడల్లా నేను మాట మారుస్తాను.