పుంగనూరు సలోమమ్మ

"నిజమే మామా." ఈ రెండు మాటలు అన్ననాటి నుంచి నాకు భయం లేని పూట లేదు. కొన్నేళ్ళయింది. ఎవరైనా తలుపు గట్టిగా తడితే భయం. ఫోన్లో మార్తమ్మత్త పేరు కనబడితే మరీ భయం. ఆదివారం చర్చిలో పాస్టరుగారు "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అని అడిగితే నాకు ముచ్చెమటలు పోస్తాయి. తల వంచుకుని కూర్చుంటాను. పక్కనున్న అమ్మ నేను ప్రార్థనలో ఉన్నానని అనుకుంటుంది.

అమ్మకు చెప్పలేదు. నాన్నకు అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడగకండి, అంత ధైర్యం ఇంకా రాలేదు.

మాది మదనపల్లె. ఆస్పత్రి వెనక వీధి. నాన్న ఆస్పత్రిలో వార్డుబాయ్‌గా చేసి రిటైరయ్యాడు. టీబీ మాత్రలు మధ్యలో ఆపితే ఏమవుతుందో మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అన్నం తింటూ నాన్న చెప్పేవే ఆ కబుర్లు. ఈ సంగతి మీరు మరిచిపోవద్దు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరకలేదు. ఆన్‌లైన్లో రాతపనులు ఇచ్చే సైటు ఒకటి ఉందని బెంగళూరులో ఉన్న స్నేహితురాలు చెప్పింది. ప్రొఫైల్ పెట్టాను. మంచి ఫోటో పెట్టాను. హార్స్లీ హిల్స్‌లో ఏదో రిసార్టుకు నాలుగు పేరాలు రాస్తానన్నా, బేబీ సబ్బు గురించి రాస్తానన్నా ఒక్కరూ పలకలేదు. రేటింగ్ లేనివాళ్ళకు అక్కడ పని ఇవ్వరు. పని చెయ్యనిదే రేటింగ్ రాదు. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి! "ఆ పెట్టె ముందర కూసోని యాల కండ్లు పోగొట్టుకుంటావు, యాడన్నా బడిలో టీచరుగా సేరిపో" అని అమ్మ రోజూ సణిగేది.

అప్పుడు ఒకాయన పని ఇచ్చాడు. ఏ దేశమో, ఏ ఊరో నాకు ఈనాటికీ తెలీదు. ప్రార్థనవల్ల జబ్బులు నయమైనవాళ్ళ సాక్ష్యాలు తెలుగులో కావాలన్నాడు. సరే, వాళ్ళు చెప్పింది పంపిస్తాడు, నేను సరిదిద్ది రాస్తానని అనుకున్నాను. ఆయన జబ్బుల పేర్లు మాత్రమే పంపాడు. మనుషుల పేర్లు మీరే పెట్టుకోండి అన్నాడు.

అక్కడే ఆగాల్సింది. సాక్ష్యమంటే మావాళ్ళకు ఏమిటో మీకు తెలుసో లేదో. చర్చిలో ఒక మనిషి లేచి నిలబడి, నా బతుకులో ఇలా జరిగిందని చెబుతుంది. రుజువేదీ అని ఎవరూ అడగరు. కుళాయి దగ్గర బిందె కోసం నోటికొచ్చిన అబద్ధమాడే మనిషి కూడా అక్కడ నిలబడితే అబద్ధమాడదు. అందుకే అడగరు. నేను వాళ్ళ మధ్యనే పుట్టి పెరిగాను. అయినా రాశాను. ఎందుకు? మొదటి పని కాబట్టి. ఇంకేమీ కాదు. ఇంత చిన్న కారణమా అని నన్ను నేనే అడుగుతాను, ఇంతే కారణం.

టీబీ నాకు బాగా తెలుసు కాబట్టి టీబీతో మొదలుపెట్టాను. సలోమమ్మ అని పేరు పెట్టాను. బట్టలు కుట్టుకుని బతికే మనిషిని చేశాను. మదనపల్లె అంటే దొరికిపోతాను, మరీ దూరమైతే నమ్మకం కుదరదు, అందుకని పుంగనూరు అని రాశాను. దగ్గు వచ్చినప్పుడు పిల్లలు లేస్తారని కొంగు నోట్లో కుక్కుకుంటుందని రాశాను. అది నాన్న చెప్పిన ఎవరో రోగి సంగతి. రాశాక చదువుకుంటే నాకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎంత బాగా రాశానో అని మురిసిపోయాను.

పనిచ్చినాయనకు మాత్రం నచ్చలేదు. మందులు కూడా వాడిందంటే ఇక ప్రార్థన గొప్పేముంది, మాత్రలు పక్కన పడేసినట్టు మార్చండి అన్నాడు. మా పాస్టరుగారు ఏనాడూ మందులు మానమని చెప్పినవారు కాదు. ప్రార్థన చేసి, మాత్ర వేసుకుని పడుకోమనేవారు. కాదంటే పని పోతుంది. పని పోతే పోనీ, మొదటి రేటింగే ఒక్క నక్షత్రం పడితే ఇక నా ప్రొఫైల్ మొహం ఎవరూ చూడరు. ఆ భయంతోనే ఒక వాక్యం చేర్చాను. 'ఆ పొద్దు నుంచి నేను మాత్ర ముట్టలేదు.' అయిదు నక్షత్రాలు వచ్చాయి. అమ్మ ఆ సాయంత్రం పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది.

దానియేలు మామ మా ఎదురింటాయన, మార్తమ్మత్త భర్త. రక్తసంబంధం లేదు, పుట్టినప్పటి నుంచీ మామా అని పిలవడమే. కుప్పంలో గ్రానైట్ పాలిష్ పని చేసేవాడు. అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, పెరుగన్నం తిని, వీధిలో పిల్లలందరినీ ఆటపట్టించి పోయేవాడు. ఆ ఏడాది దగ్గుతో వచ్చాడు. నాన్నే ఆస్పత్రికి తీసుకుపోయి పరీక్ష చేయించాడు. టీబీ అన్నారు. మాత్రలు మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు మామ ఒళ్ళు చేసుకున్నాడు, దగ్గు తగ్గింది. కానీ మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతుందని, కీళ్ళు నొప్పులని గొణిగేవాడు. పూర్తిగా వాడాల్సిందేనని నాన్న గట్టిగా కేకలేసేవాడు.

ఒక మధ్యాహ్నం మామ ఫోను పట్టుకుని మా గడప దగ్గరికి వచ్చాడు. అమ్మానాన్నా ఇంట్లో లేరు. నేను ఆ పనిచ్చినాయనకే ఇంకో సాక్ష్యం రాస్తున్నాను, ఈసారి కీళ్ళవాతం.

"పాపా, ఇది సూడు. ప్రార్థన గ్రూపులో ఎవురో పంపినారు. పుంగనూరులో ఒకాయమ్మకు మాత్తర్లు లేకుండానే బాగైందంట."

చూశాను. నా వాక్యాలే.

"నీకు కంప్యూటరు తెలుసు గదా. దీంట్లో అబద్ధాలు గూడా రాస్తారంట గదా. ఇది నిజమేనా పాపా?"

ఆయన నన్ను నమ్మి అడిగాడు. అంతే కాదు, అనుమానంతో అడిగాడు. అబద్ధమని ఒక్క మాట అంటే నమ్మేవాడు, ఫోను జేబులో పెట్టుకుని పోయేవాడు. నేనే రాశానని కూడా చెప్పనక్కర్లేదు. 'ఎవరో ఉత్తుత్తిగా రాసుంటారులే మామా' అంటే చాలు. కానీ ఆ క్షణంలో నా బుర్ర అంతదూరం పోలేదు. ఇది దొంగదని అంటే నీకెట్ల తెలుసు అంటాడు, ఎవరు రాశారంటాడు, వీధంతా తెలుస్తుంది, దొంగ సాక్ష్యం రాసిన పిల్ల తండ్రని నాన్నను వేలెత్తి చూపుతారు. ఇదంతా ఒక్కసారిగా మీదపడింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నిజమే మామా."

"పుంగనూరంటే ఈడనే గదా."

"ఈడనే మామా."

ఆయన మొహం వెలిగిపోయింది. "దేవుడు నిన్ను సల్లగా సూడాల" అని నా తలమీద చెయ్యిపెట్టి వెళ్ళాడు.

మాత్రలు మానేశాడు. మాతో చెప్పలేదు. బాగానే ఉన్నానంటూ కుప్పం వెళ్ళిపోయాడు. నాకు తెలుసా? తెలుసు. అడగలేదు కానీ తెలుసు. ఆయన బస్సెక్కిన పొద్దున కిటికీలోంచి చూశాను. పరుగెత్తి పోయి చెప్పాలనుకున్నాను, పోలేదు. సాయంత్రం ఫోను చేద్దామనుకున్నాను. ఆదివారం వస్తాడుగా, అప్పుడు చెబుదామనుకున్నాను. ఇలా ఎన్ని సాయంత్రాలో, ఎన్ని ఆదివారాలో.

తిరిగి వచ్చినప్పుడు ఆయన్ను ఇద్దరు పట్టుకుని దింపారు. దగ్గితే నెత్తురు పడుతోంది. పాత మాత్రలు ఇక పనిచెయ్యవన్నారు. సూదులు వేశారు, వేరే మందులిచ్చారు. లాభం లేకపోయింది. నాన్నతో పాటు నేనూ చూడ్డానికి వెళ్ళాను. నన్ను ఏమైనా అంటాడేమోనని భయపడుతూ మంచం పక్కన నిలబడ్డాను. ఆయన నావైపు చూసి మెల్లిగా అన్నాడు. "ఆయమ్మ మొర దేవుడు ఇన్యాడు పాపా. నా విశ్వాసమే సాల్లేదు."

తిట్టినా బాగుండేది. దేవుడా, ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. బయటికొచ్చేశాను. అదే ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాట.

ఆ సాక్ష్యం తీసెయ్యండని పనిచ్చినాయనకు రాశాను. జవాబు రాలేదు. అది ఎవరెవరి ఫోన్లలో తిరుగుతోందో, ఇంకెవరు మాత్రలు పక్కన పెట్టారో నాకు తెలీదు. ఇప్పుడు టైల్స్ గురించీ పెళ్ళి మండపాల గురించీ రాస్తుంటాను. ఆ మొదటి అయిదు నక్షత్రాలు నా ప్రొఫైల్ అడుగున అలాగే ఉన్నాయి. తీసెయ్యడానికి వీల్లేదు.

మామ పోయాక మార్తమ్మత్తకు ఒకటే ధ్యాస. సలోమమ్మను చూడాలి. "మా ఆయప్ప యాడ తప్పు సేసినాడో ఆయమ్మను అడగాల పాపా. ఎట్ల ప్రార్థన సేసిందో అడగాల" అంటుంది. కూతురులాంటిదానివి, తోడు రమ్మంది. కాదని ఎలా అనను? అత్తతో కలిసి పుంగనూరు వెళ్ళాను. ఉత్త చేతులతో పోకూడదని అత్త ఒక జాకెట్టు గుడ్డ, అరటిపళ్ళు తీసుకుంది. కుట్టుమిషన్ కనబడిన ప్రతి అంగడి దగ్గరా ఆగి, సలోమమ్మ తెలుసా అని అడిగింది. నేను పక్కన నిలబడి, నేనూ వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూశాను. అవును, అదీ చేశాను. ఎండకు అత్త మొహం నల్లబడిపోయింది. ఎవరైనా ఉందని చెబుతారేమోనని ఒక్కోసారి నాకే ఆశ పుట్టింది. పిచ్చిదాన్ని కదా. చివరికి ఒకామె, ఆ పేరుగల టైలరమ్మ ఎవరో కుప్పం పోయి స్థిరపడిందని ఎక్కడో విన్నట్టుందని చెప్పింది. జాకెట్టు గుడ్డ సంచిలో పెట్టుకుని అత్త నావైపు చూసి నవ్వింది. మామ పోయాక ఆమె నవ్వడం అప్పుడే చూశాను.

ఈ శనివారం కుప్పం పోదామంటోంది. ఆయన పనిచేసిన ఊరు, ఆయన పక్కనే ఉండిందేమో సలోమమ్మ, ఆయన కలుసుకోలేకపోయాడేమో అంటోంది. ఇలా చావుదాకా ఊళ్ళు పట్టుకుని తిప్పుతానా ఆమెను? చెబితే ఏమవుతుంది? వీధిలో తలెత్తుకోలేం. నాన్న తట్టుకోలేడు. అత్త శాపనార్థాలు పెట్టొచ్చు, మొహమే చూడకపోవచ్చు. ఇవన్నీ ఎన్నోసార్లు అనుకున్నవే. అయినా ఒక్క వాక్యం మాత్రం ఎప్పుడూ రాయలేదు. ఎంతమంది కోసం ఎన్ని అబద్ధాలు రాశానో, ఆ ఒక్కటీ రాయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మామ ప్రార్థనలో ఏ తప్పూ లేదత్తా. సలోమమ్మ అనే మనిషి లేదు. ఆమెను రాసింది నేను. నిజమేనా అని మామ అడిగినప్పుడు, నిజమేనని చెప్పింది నేను.

రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. భయం మాత్రం అలాగే ఉంది. ఎదురింట్లో మార్తమ్మత్త కుప్పానికి కట్టుకోవాల్సిన చీర ఉతికి ఆరేస్తోంది.